రోజుకొకటి ఎక్కువ

“పాలు అయిపోతాయి, పో బిందూ. వాకిలి సంగతి రమ్య చూసుకుంటాదిలే.”

అత్త సుందరలక్ష్మమ్మ ఈ మాట ఏడాది పైనుంచి రోజూ ఉదయం ఆరున్నరకు అంటోంది, ఆదివారమని లేదు, అమావాస్యని లేదు. అంతకుముందు పాలాయన గడప దగ్గరికే వచ్చి పోసి పోయేవాడు. నీళ్ళు కలుపుతున్నాడని ఒకరోజు ఉన్నట్టుండి మాన్పించారు. పదేళ్ళుగా తాగిన పాలలో ఆ రోజే నీళ్ళు ఎట్లా కనపడ్డాయని హిమబిందు అడగలేదు. ఆ ఇంట్లో కోడలు అడిగే ప్రశ్నలకూ రేషను ఉండేది. వాటిని ఆమె పప్పుకూ ఉప్పుకూ గ్యాసు సిలిండరుకూ దాచుకునేది. పైగా, నిజం చెప్పాలంటే, ఆ పాలపని ఆమెకు ఇష్టమైపోయింది. కర్నూలు వన్‌టౌన్‌లోని వాళ్ళ సందులోంచి స్టీలు క్యాను పట్టుకుని బయటపడితే, బురుజు మీదుగా పాలబూత్‌కు పోయి రావడానికి అరగంట. ఎనిమిది మందున్న ఇంట్లో, రోజు మొత్తంలో, ఇంకొకరి పేరు రాసి లేని అరగంట అదొక్కటే. ఎండలు ముదరని వేళ, సందు చివర వీచే గాలి కాసేపు మొహానికి తగిలేది. మనసు బాగాలేని కోడలికి కాస్త గాలి తగలాలని అత్తమ్మే ఈ ఏర్పాటు చేసిందని ఆమె నమ్మింది. నోటితో చెప్పలేని మంచితనం కొందరికి ఉంటుందిలే అని లోపల్లోపల దండం కూడా పెట్టుకుంది.

పాలబూత్ నడిపే హనుమంతమ్మ ఆమె వచ్చేదాకా ఎవరికీ పాలు పోసేది కాదు. ముందొచ్చినవాళ్ళు గొణిగినా వినేది కాదు. “రా బిందమ్మా, రా. నీ చేతి బోణీ అయితే ఎనిమిదికల్లా నా క్యాన్లు కడిగి బోర్లేసుకుంటా. నువ్వు రాని రోజు పాలు విరిగిపోతాండాయి” అని మొదటి చిల్లర ఆమె చేతినుంచే తీసుకుని కళ్ళకద్దుకునేది. హిమబిందు నవ్వేసేది. పొద్దున మొదటి బేరం చేసే చేతిని బట్టి ఆ రోజు వ్యాపారం ఉంటుందనేది కోమట్ల ఇంట పుట్టి కోమట్ల ఇంట మెట్టిన ఆమెకు కొత్త సంగతేమీ కాదు. ఆమె మామ రామలింగయ్య గుడ్డలంగట్లో బోణీ కాకుండా ఆయన మంచినీళ్ళు కూడా తాగడు.

ఆ అంగడికి ఒక వెబ్‌సైటు ఉంది. రెండు వేల ఏడు ఉగాదికి మొదలైంది. ఎమ్మిగనూరు, మాధవరం నేతచీరలు ఫోటోలు తీసి పెడితే బెంగుళూరు నుంచీ హైదరాబాదు నుంచీ దుబాయి నుంచీ ఆర్డర్లు వస్తాయి. దాన్ని కట్టింది హిమబిందు, ఎమ్‌సిఎ ఫస్టు క్లాసులో పాసైన పెద్దకోడలు. చీరల్ని మిద్దె మీద వెలుతురులో పరిచి ఫోటోలు తీసేదీ ఆమే, రంగు వెలుస్తుందా అని అడిగేవాళ్ళకు జవాబులు రాసేదీ ఆమే, పార్సిలు యాడికి పోయిందని కొరియరు వాళ్ళతో పోట్లాడేదీ ఆమే. విజిటింగు కార్డు మీద మాత్రం వెబ్‌సైటు కింద ఆమె భర్త జ్ఞానేశ్వర్ పేరు ఉంది. మెట్లకింద, బియ్యం మూటల పక్కన, కంప్యూటరూ ఒక ప్లాస్టిక్ కుర్చీ. పొద్దున టిఫిన్లు, వంట, క్యారియర్లు, మరిది పిల్లలిద్దరి బడి అన్నీ అయ్యాక పదకొండు నుంచి నాలుగు దాకా ఆమె ఆ కుర్చీలో ఉండేది. “మీ పెద్దకోడలు ఏం చేస్తాది?” అని ఎవరన్నా అడిగితే, “ఏం చేస్తాదమ్మా, ఇంట్లోనే ఉంటాది” అనేది అత్త. పొరుగింటి కోడలు టీచరుగా పోతుందని ఆ నోటితోనే మెచ్చుకునేది.

ఇంకో ప్రశ్నకూ అత్త దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. చుట్టాలొచ్చి “పిల్లలెంతమంది?” అని హిమబిందు వైపు తిరిగేలోపలే, “ఇంకా ఏం లేరమ్మా, దేవుడు సూడాల” అనేసేది. హిమబిందు కాఫీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి పోయేది. వెబ్‌సైటు మొదలు కాకముందు సంవత్సరం, శ్రావణ మాసంలో, ఏడో నెలలో ఆమెకు నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఏడవలేదట. ‘అట’ అనే అనాలి, ఎందుకంటే ఆమె చూడలేదు. “చూస్తే కండ్లల్లో నిలబడిపోతాది, వద్దు” అని అత్త గుడ్డలో చుట్టి ఇచ్చేస్తే, జ్ఞానేశ్వరూ ఇంకో ఇద్దరు మగవాళ్ళూ హంద్రీ ఒడ్డుకు తీసుకుపోయి, వచ్చి స్నానాలు చేశారు. ఐదో రోజు ఆమె వంటింట్లో ఉంది. “బాలింతవా ఏమన్నా, పథ్యాలు చేసిపెట్టేకి?” అంది అత్త, కోపంగా కూడా కాదు, ఉన్నమాట అన్నట్టు. బాలింత కాదని ఒంటికి తెలియలేదు. పాలు పడ్డాయి. గుడ్డ బిగించి కట్టుకుని పప్పు ఎనుపుతుంటే రవికె తడిసిపోయేది, చీరకొంగు తిప్పి కప్పుకునేది. ఆ పాపకు పేరు లేదు, ఫోటో లేదు, ఏ కాగితంలోనూ ఒక గీత లేదు. ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్ళూ లేరు. ఎవరూ ఎత్తకపోతే జరగనట్టే అని వాళ్ళ లెక్క.

లెక్కల దగ్గరే అసలు గొడవ వచ్చింది. కొన్ని ప్రకటనలకు జ్ఞానేశ్వర్ నెలనెలా డబ్బు కడుతున్నాడు. ఇంటర్నెట్‌లో చేనేత చీరలని ఎవరైనా వెతికితే పక్కన వీళ్ళ అంగడి పేరు కనపడుతుంది. ఎవరు నొక్కి వచ్చారు, వచ్చినవాళ్ళలో ఎవరు నిజంగా ఆర్డరు పెట్టారు అనేది తెలిస్తేనే ఆ ప్రకటన పనికొచ్చిందో లేదో తేలేది. మొదట్లో ఆర్డరు అయిపోయాక వచ్చే ‘ధన్యవాదాలు’ పేజీలో చిన్న లెక్కింపు కోడ్ తునకను పెట్టింది హిమబిందు. ఆ పేజీ తెరుచుకుంటే ఒకటి పడుతుంది. కానీ మన నెట్ సెంటర్లలో ఆ పేజీ పూర్తిగా వచ్చేలోపల కరెంటు పోతుంది, లేదా ఆర్డరు నంబరు రాసుకుని కుర్రాడు ఆ పేజీ మూసేస్తాడు. ఆర్డరు ఉంటుంది, లెక్కలో పడదు. అందుకని మరుసటి సంవత్సరం జూన్ ఆఖర్న ఆమె లెక్కింపును కొనేవాళ్ళ కంప్యూటరు మీద వదిలేయకుండా సర్వరుకే అప్పగించింది. ఆర్డరు వచ్చి చేరిన క్షణాన సర్వరే తన పుస్తకంలో ఒక వరస రాసుకుంటుంది: ఎన్నిగంటలకు, ఏ నంబరు, ఏ ప్రకటన నుంచి. ఇక ఏదీ జారిపోదని మురిసిపోయింది. మురిపెం నెల తిరగ్గానే ముగిసింది. జూలై నెలకు సర్వరు ఎనభై ఐదు ఆర్డర్లంది. ఆర్డర్ల పట్టికలో ఉన్నవి యాభై ఎనిమిది. అంగట్లో కట్టిన పార్సిళ్ళూ యాభై ఎనిమిదే.

“ఏంది బిందూ ఇది? మొన్నటిదాకా తక్కువ చూపిస్తాండె, ఇప్పుడు ఎక్కువ చూపిస్తాండాది. నీ లెక్క మన హంద్రీ మాదిరి ఉండాదే, ఉంటే వరద, లేకుంటే ఇసుక” అని జ్ఞానేశ్వర్ భోజనాల దగ్గర అందరూ వింటుండగా అన్నాడు. మామ కూడా నవ్వాడు. తోడికోడలు రమ్యశ్రీ మాత్రం నవ్వలేదు, పళ్ళెంలోకే చూస్తూ పిల్లాడికి అన్నం కలిపింది. అది కనిపెట్టినా హిమబిందు పట్టించుకోలేదు. “నేను చూస్తానండీ, యాడో తప్పు జరిగింది” అంది. “జరిగింది సరే. హైదరాబాదులో నా కాలేజీ దోస్తు ధనుంజయ ఇదే పనికి కంపెనీ పెట్టినాడు. ఈ నెల ఆఖరు ఆదివారం మంత్రాలయం పోతా మనింట్లో దిగుతాడు. ఆలోపల నీ లెక్క సరి అయితే సరి, లేదంటే పాస్‌వర్డులన్నీ ఆయనకిచ్చేద్దాం. నువ్వూ సుఖంగా కూచోవచ్చు.”

సుఖంగా కూర్చోవడమంటే ఎక్కడో ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో ఆమెదంటూ ఉన్న చోటు ఆ ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే. అందులో కూర్చున్న ఐదు గంటలూ ఆమె కడుపు పండని కోడలు కాదు, ఒక పని తెలిసిన మనిషి. అది పోతే మిగిలేది వంటిల్లు, వంటింటి కిటికీ, కిటికీలోంచి కనిపించే మరిది పిల్లల బడి చొక్కాలు ఆరేసిన తీగ.

కాబట్టి వెతికింది. అత్త టీవీ సీరియలు పెట్టుకున్న మధ్యాహ్నాలు, పొద్దుతిరుగుడు నూనె డబ్బా మీద కాళ్ళు పెట్టుకుని, సర్వరు పుస్తకాన్ని వరసవరసగా చదివింది. కొందరు నెమ్మదిగా వచ్చే పేజీ మీద విసుగుపుట్టి రెండుసార్లు నొక్కారేమో అనుకుంది, అట్లాంటివి రెండు దొరికాయి, వాటికి అడ్డం కట్టింది. ఇంకా ఇరవై ఐదు. తన కోడ్ రెండుసార్లు నడుస్తోందేమోనని గీతగీత విప్పి మళ్ళీ రాసింది. ఇరవై ఐదే. ఆ ఇరవై ఐదూ ఏ ప్రకటన నుంచీ వచ్చినవి కావు, ఎవరో పేరు తెలిసి నేరుగా సైటుకు వచ్చినవాళ్ళవి. అన్నీ రాత్రి ఎనిమిదీ పావు, ఎనిమిదిన్నర మధ్యవి. అన్నం తిని నిదానంగా కొనుక్కునేవాళ్ళేమో, మరి ఆర్డరు పట్టికలో ఎందుకు లేరు? చారులో ఉప్పు మరిచిపోయింది, ఒకరోజు రెండుసార్లు వేసింది. “చదువుకున్న కోడలు, సర్వరు సూసుకుంటాది, సారు సంగతి దానికేం తెలుస్తాది” అని అత్త. “మూడు వారాలైంది, ఇంకా యాడికొచ్చినావు?” అని జ్ఞానేశ్వర్, రోజూ, అదే గొంతుతో. తనకు నిజంగానే పని రాదేమో, ఆ ఫస్టు క్లాసు కూడా ఎవరో పొరబాటున వేసిందేమో అనుకునే దాకా వచ్చింది. దొడ్డి గోడ దగ్గర నిలబడి ఒకరోజు ఏడ్చింది కూడా.

ధనుంజయ వచ్చేకి పది రోజులుందనగా, ఒక బుధవారం, చారుకు పోపు పెడుతూ ఉన్నట్టుండి గుర్తొచ్చింది: సర్వరు ఉండేది అమెరికాలో. దాని గడియారం దాని ఊరిదే. మనకంటే పదిన్నర గంటలు వెనక! తన మతిమరుపుకు తనే నెత్తిన మొట్టుకుని, పొయ్యి తగ్గించి, మెట్లకిందికి పరిగెత్తి, కాగితం మీద ఒక్కొక్కదానికీ పదిన్నర గంటలు కలిపింది. రాత్రి ఎనిమిదింబావు అనుకున్నది తెల్లవారి ఆరూ నలభై ఐదు అయింది. రెండోది ఆరూ యాభై. మూడోది ఆరూ నలభై ఏడు. ఇరవై ఐదు వరసలూ ఉదయం ఆరున్నరకూ ఏడుకూ మధ్యకొచ్చి బుద్ధిగా కూర్చున్నాయి. రోజుకొకటి. జూలైలో ముప్పై ఒక్క రోజులు. ఆరు రోజులు మాత్రం లేవు.

ఆ ఆరు తేదీలను చీటీ మీద రాసుకుని వంటింట్లోకి పోయింది. అక్కడ గోడమీద పంచాంగం క్యాలెండరు ఉంది, రోజూ ఎన్ని పాలు తెచ్చిందీ తను పెన్సిలుతో గుర్తు వేసేది దాని మీదే. మొదటి తేదీ కింద నల్లటి చుక్క, అమావాస్య. కొత్తగా ఏదీ మొదలుపెట్టని రోజు. మిగిలిన ఐదూ వరసగా ఉన్నాయి. ఆ ఐదు రోజులూ ఆమె సొంత పెన్సిలు గుర్తు లీటరు తక్కువ చూపిస్తోంది. వాళ్ళమ్మకు కంటి ఆపరేషనని రమ్యశ్రీ పిల్లలతో మైదుకూరు పోయింది ఆ ఐదు రోజులే.

చారు పొంగి పొయ్యి మీద పడింది. ఆమె కదల్లేదు. ఇంకొకటి చూడాలి. మళ్ళీ మెట్లకిందికి పోయి ఆర్డర్ల పట్టిక తెరిచింది. ఆర్డర్ల నంబర్లు వరసగా ఉండాలి కదా, తొమ్మిది వందల పదమూడు తర్వాత పదిహేను ఉంది. పదహారు, పదిహేడు, మళ్ళీ పంతొమ్మిది. ఇన్నాళ్ళూ ఆ ఖాళీలను మధ్యలో ఆగిపోయిన ఆర్డర్లనుకుంది. కాదు. అవి వచ్చి చేరాయి, తర్వాత ఎవరో తుడిచేశారు. పట్టికలోంచి తుడిచినవాళ్ళకు, సర్వరు తన పుస్తకంలో ముందే రాసేసుకుందని తెలియదు. పట్టికలోకి పోయే పాస్‌వర్డు ఇద్దరికే ఉంది. ఒకరు తను.

మర్నాడు ఆరున్నరకు, “పాలు అయిపోతాయి, పో బిందూ” అనగానే క్యాను తీసుకుని బయల్దేరింది. సందు మలుపు దాకా పోయి, వంద అంకెలు లెక్కపెట్టి, వెనక్కి వచ్చి, మెట్లపక్క కిటికీ దగ్గర నిలబడింది. కిటికీ రెక్క ఓరగా తీసి ఉంది. కంప్యూటరు ముందు ప్రమిద వెలుగుతోంది. మానిటరుకు కుంకుమ బొట్టు. తలంటుకున్న తడిజుట్టుతో రమ్యశ్రీ తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది, పక్కన అత్త హారతి పళ్ళెం పట్టుకుని. వెనక జ్ఞానేశ్వర్, పళ్ళు తోముకుంటూ. “పేరు శ్రీమహాలక్ష్మి అని కొట్టినావా? తువ్వాలు ఒకటి. ఆ, నొక్కమ్మా. ఇద్దరు బిడ్డల తల్లివి, నీ చెయ్యి సల్లని చెయ్యి” అంది అత్త. రమ్యశ్రీ నొక్కింది. “తొందరగా తుడిచెయ్ గ్యానూ, అది వస్తాది. బొట్టు కూడా తుడువు” అంది అత్త. “ఇంకా ఇరవై నిమిషాలుండాది లేమ్మా” అన్నాడు జ్ఞానేశ్వర్.

హిమబిందుకు అప్పుడు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వెబ్‌సైటు మొదలుపెట్టిన ఉగాది నాడు సరిగ్గా పనిచేస్తోందో లేదోనని మొదటి ఆర్డరు తనే పెట్టి చూసింది. తర్వాత నెలరోజులు ఒక్క బేరమూ రాలేదు. “మొదటిది ఎవురి చేత్తో పెట్టినారు?” అని అత్త అడిగింది ఒకనాడు. నేనే అత్తమ్మా అని సంబరంగా చెప్పింది తను. ఆ వారమే పాలాయన పాలలో నీళ్ళు కలపడం మొదలుపెట్టాడు! గాలి తగలాలని పంపలేదు. చెయ్యే కాదు, మొహం కూడా ఆ వేళకు ఇంట్లో ఉండకూడదని పంపారు. ఏడాది పైగా ఆ అరగంటకు తను దండాలు పెట్టుకుంది. మిగతాదంతా ఏమో గానీ, ఆ దండాలను మాత్రం ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోవాలనిపించింది. క్యాను ఎత్తుకుని బూత్ వైపు నడిచింది.

బూత్ దగ్గర పదిమంది నిలబడి సణుగుతున్నారు. “ఏమ్మా, ఈ పొద్దు ఇంతసేపు? నీకోసరం ఎవురికీ పొయ్యలే సూడు” అంది హనుమంతమ్మ చెయ్యి చాపి. చిల్లర ఆ చేతిలో పెట్టబోయి పెట్టలేక, హిమబిందు ఆ సిమెంటు అరుగు మీద కూర్చుండిపోయింది. “నా బోణీ తీసుకోవద్దు హనుమంతక్కా. నా చెయ్యి మంచిది కాదంట.” హనుమంతమ్మ ఒక్క క్షణం చూసింది. ఎవరు, ఎందుకు అని అడగలేదు. వంగి ఆమె పిడికిలి విప్పి చిల్లర తనే తీసుకుని కళ్ళకద్దుకుంది. “ఎవురన్నారో వాళ్ళు పాలమ్మి సూడమను” అంది, క్యానులో పాలు పోస్తూ.

ఆ మధ్యాహ్నం అన్నానికొచ్చిన భర్తకు వడ్డించి, ఎదురుగా కూర్చుంది. “పొద్దున బోణీ చూసినా” అంది. జ్ఞానేశ్వర్ ముద్ద ఆపాడు. గుమ్మడికాయల దొంగ మాదిరి భుజం తడుముకోవడానికి కూడా సందు దొరకలేదు పాపం. “మా అమ్మ నమ్మకం బిందూ. నీకు బాధ అయితాదనే చెప్పలే. ఒక్క తువ్వాలు, అంతేగదా. పెద్దోళ్ళతో ఏమిటికి పెట్టుకునేదని…” అన్నాడు.

“నమ్మకం గురించి అడగలేదండీ. మూడు వారాలు నేను వెతుకుతాండా. ఎక్కువ చూపిస్తాండాదని అందరి ముందరా నవ్వినారు. ఆ ఎక్కువ ఏందో మీకు తెలుసు. రోజూ మీ చేత్తోనే తుడుస్తాండారు. ఒక్కరోజు, ఒక్క మాట చెప్పిండచ్చు గదా, నువ్వు తప్పు కాదు బిందూ అని.”

“అదీ ఇదీ ఒకటేనని నాకేం తెలుసు? నేను తుడిస్తే పోతాదనుకుంటి” అన్నాడు. ఆ మాట మాత్రం నిజమే. ఆయన అన్నీ అట్లాగే అనుకున్నాడు. హంద్రీ ఒడ్డు నుంచి వచ్చి స్నానం చేసిన రోజు కూడా, తల తుడుచుకుంటూ, “అయిపోయింది బిందూ, మర్చిపో” అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరికైనా బాధ కలుగుతుందంటే ఆ బాధను కనపడకుండా చేయడానికి చాలా కష్టపడతాడు, బాధపడేవాళ్ళు ఎదురుగా కూర్చుని ఉన్నా సరే. హిమబిందు మజ్జిగ పోసి లేచింది. సాయంత్రం రమ్యశ్రీ దొడ్లో ఆమె చెయ్యి పట్టుకుని, “అక్కా, నన్ను తిట్టుకోవద్దు, నేను వద్దంటే నా మీదికొస్తారు” అని ఏడ్చింది. “నిన్నేమంటాను లేమ్మా” అని హిమబిందు ఆ పిల్ల కళ్ళు తుడిచింది. తన కళ్ళు తుడిచేవాళ్ళెవరూ దొడ్లో లేరు.

ఆఖరు ఆదివారం రానే వచ్చింది. ముందురోజు సాయంత్రమే ఆమె ఒక పని చేసింది. ఆర్డర్ల పట్టిక పాస్‌వర్డు మార్చింది. ఆదివారం పొద్దున పాలు తీసుకుని వచ్చేసరికి జ్ఞానేశ్వర్ మెట్లకింద చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. “లోపలికి పోనిస్తా లేదు” అన్నాడు మెల్లిగా. “పోదండీ” అని ఆమె పాలు కాచడానికి పోయింది.

ధనుంజయా భార్యా తొమ్మిదింటికి వచ్చారు. ఇడ్లీలు, ఉగ్గాని, బజ్జీ. ధనుంజయ భార్య సరదా మనిషి, హిమబిందు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, “నువ్వు కూడా తినమ్మా. పిల్లలెంతమంది నీకు?” అంది. “ఇంకా ఏం లేరమ్మా, దేవుడు సూడాల” అంది అత్త, ఎప్పటి వేగంతోనే. హిమబిందు కాఫీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి పోయింది. కాళ్ళు అలవాటు కొద్దీ పోయాయి.

తిరిగి వచ్చేసరికి అందరూ మెట్లకింద చేరారు, ధనుంజయ ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె రాసిపెట్టిన కాగితాలు చదువుతున్నాడు. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. సర్వరు పుస్తకం చూశాడు, ఆమె తెరిచిన పట్టిక చూశాడు. “జ్ఞానూ, ఇది రాసిందెవరప్పా? మా ఆఫీసులో కుర్రోళ్ళకు ఇంకా చేతకాని పని. సర్వరు లెక్కలో తప్పేం లేదు. ఎవరో పట్టికలోంచి ఆర్డర్లు తుడిచేస్తాండారు, రోజుకొకటి. ఎవరు?” రామలింగయ్య కొడుకు వైపు చూశాడు. కొడుకు తల్లి వైపు చూశాడు. రమ్యశ్రీ గోడకు ఆనుకుని చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది. ఆ రోజు వచ్చిన ఒకే ఒక ఆర్డరు తెర మీద కనపడుతోంది: శ్రీమహాలక్ష్మి, తువ్వాలు ఒకటి, ఆరూ నలభై ఆరు.

“అది మా ఇంటి బోణీ అన్నా” అంది హిమబిందు. “నా చెయ్యి మంచిది కాదని రమ్య చేత పెట్టించి, తర్వాత తుడుస్తారు. నాకు తెలీకుండా. నేను పాలకు పోయినప్పుడు.”

“ఏందది, వచ్చినోళ్ళ ముందర?” అంది అత్త. ఆమె మొహం ఎర్రబడింది. “నీ మంచికే గదా, నువ్వు బాధపడతావనే గదా ఇంత జాగ్రత్త పడింది!”

“ఈ పని నాదే మామా, ఎవురికీ ఇచ్చేది లేదు” అంది హిమబిందు రామలింగయ్య వైపు తిరిగి. “రేపటి నుంచి పాలకు ఇంకెవురన్నా పోండి. ఆరున్నరకు నేను ఈడ కూచుంటా.” రామలింగయ్య మీసం మీద చెయ్యి వేసుకుని తెర మీది తువ్వాలు వైపే చూస్తూ ఉండిపోయాడు. ధనుంజయ లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు.

ఆమె వెంటనే కూర్చోలేదు. ధనుంజయ భార్య ఇందాక ఇవ్వకుండా ఉంచుకున్న కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చూస్తోంది. హిమబిందు ఆమె దగ్గరికి పోయి, ఖాళీ అయిన గ్లాసు అందుకుంది, కానీ లోపలికి పోలేదు.

“అక్కా, ఇందాక మీరు నన్ను అడిగినారు కదా, పిల్లలెంతమందని. ఒక ఆడపిల్ల. రెండేళ్ళ కింద శ్రావణంలో పుట్టింది. నాకు చూపియ్యలే.”